ఊర్ధ్వ వాతావరణ పరిశోధన: డాక్టరేటు పిదప దారులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో రోదసి భౌతికశాస్త్రమును గూర్చిన ప్రసంగమేల యని కొందఱికి తోచవచ్చును. ఈ రెంటికిని గల చుట్టరికము పాత రేడియో పెట్టెలో ఉన్నది. పల్లెటూళ్ళ గ్రంథాలయములలోను, పంచాయతీ కార్యాలయములలోను రేడియో పెట్టిన దినములలో సాయంకాలమున జనులు దాని చుట్టును చేరెడివారు. సిలోను కేంద్రమును పట్టుటకై మీట త్రిప్పుచుండగా పాట ఒక్క క్షణము స్పష్టముగ వినవచ్చి, మఱుక్షణమున నూతిలోనికి దిగినట్లు సన్నగిల్లి, మరల పైకి తేలుచుండెడిది. పెట్టెలో నేదో లోపమని దాని నెత్తిన ఒక దెబ్బ వేసినవారును లేకపోలేదు. లోపము పెట్టెది కాదు. ఆ పాట సింహళము నుండి తిన్నగా రాలేదు. నేలకు నూఱు మొదలు మూడునాలుగు వందల కిలోమీటర్ల యెత్తున నున్న విద్యుద్భరితమైన పొరకు తగిలి క్రిందికి మరలి వచ్చినది. ఆ పొర నిశ్చలముగా నుండదు. అది కదలినపుడెల్ల పాట కూడ ఊగుచుండెను.

ఆ పొరకే అయనోమండలమని పేరు. సూర్యుని అతినీలలోహిత కిరణములును, ఎక్స్ కిరణములును పైగాలిలోని అణువులను తాకి వాని నుండి ఎలక్ట్రానులను ఊడబెఱుకుటచే అది ఏర్పడుచున్నది. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కోని ఇంగ్లండు నుండి పంపించిన సంకేతమును అట్లాంటికు మహాసముద్రమున కావలి యొడ్డున న్యూఫౌండ్లాండులో విన్నానని ప్రకటించినపుడు, గుండ్రని భూమి మీద తిన్నగా పోవు తరంగము అంత దూర మెట్లు చేరినదని విద్వాంసులు ఆశ్చర్యపడిరి. పైన నేదో విద్యుద్వాహకమైన పొర యుండవలయునని 1902లో అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడు వేర్వేరుగ సూచించిరి. 1924లో ఆపిల్టను తన శిష్యుడు బార్నెట్టుతో కలిసి బి.బి.సి. వారి ప్రసారిణిని ఉపయోగించి ఆ పొర యున్నదని ప్రయోగముచే నిలిపెను. అందులకై ఆయనకు 1947లో నోబెలు బహుమానము లభించినది.

భారతదేశ మీ విషయమున వెనుకబడి యుండలేదు. కలకత్తాలో శిశిరకుమార మిత్ర గారు 1930 ప్రాంతమున ఈ పొరలను కొలుచుట ఆరంభించిరి. ఆయన వ్రాసిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' అను గ్రంథమును 1947లో ఏషియాటిక్ సొసైటీ ప్రకటించినది. పెక్కు దేశముల విద్యార్థులు చాల కాలము ఆ పుస్తకమునే ముందు బెట్టుకొని ఈ శాస్త్రము నేర్చిరి. తెలుగుదేశమున ఆ దీపమును వెలిగించినవారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యులు భావరాజు రామచంద్రరావు గారు. వారును, వారి శిష్యులును చేసిన పనులలో ఒకటి ఈ సభకు ప్రత్యేకముగ నచ్చదగినది. పొర నుండి మరలి వచ్చు తరంగము హెచ్చుచు తగ్గుచు నుండుటను కొంత కొంత దూరమున నుంచిన గ్రాహకములతో ఏకకాలమున కొలిచినచో, ఆ హెచ్చుతగ్గులు ఒక గ్రాహకము నుండి మఱియొక దానికి చేరుటకు పట్టిన కాలమును బట్టి పైన వీచు ప్రవాహముల వేగమును, దిక్కును తెలియవచ్చును. పల్లెటూరిలో జనులు విసుగుకొన్న ఆ ఊగులాటనే వాల్తేరులో కొలబద్దగా మార్చుకొనిరన్న మాట.

ఈ శాస్త్రమునకు దక్షిణ భారతము పుట్టినింటి వంటిది. భూమి అయస్కాంత మధ్యరేఖ ద్వీపకల్పము కొనకు సమీపముగ పోవుచున్నది. ఆ రేఖ పైన పగటివేళ సుమారు నూఱు కిలోమీటర్ల యెత్తున ఒక బలమైన విద్యుత్ప్రవాహము తూర్పునకు సాగుచుండును. పెరూ దేశములోని వాంకాయో అయస్కాంత వేధశాలలో 1922 నుండి దాని జాడలు కానవచ్చినవి. 1951లో చాప్మను దానికి 'ఎలక్ట్రోజెట్' అని నామకరణము చేసెను. తిరువనంతపురము ప్రక్కన బెస్తపల్లెయైన తుంబాను రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనుటకు కారణము కూడ ఈ ప్రవాహమే. 1963 నవంబరు 21వ తేదీన అచ్చటి నుండి లేచిన నైక్-అపాచీ రాకెట్టు సోడియము ఆవిరిని పైగాలిలో వెదజల్లినది. మధ్యరేఖ మీద పైకి లేచిన విద్యుత్కణములు అయస్కాంత రేఖల వెంట ఇరుప్రక్కలకు జాఱి ఉత్తరమున అహమ్మదాబాదు, కలకత్తా అక్షాంశముల దరిదాపున గుట్టగా పడుచుండును. ఈ లోయకును, ఆ గుట్టకును నడుమ వాలు మీద తెలుగుదేశ మున్నది. ఇట్టి చోటు ప్రపంచములో అందఱికి దొరకదు.

ఇక ప్రస్తుతాంశము. డాక్టరేటు పుచ్చుకొన్నవాడు చదువు ముగించినవాడని ఊళ్ళలో తలంతురు. శాస్త్రలోకములో అట్లు కాదు. ఒక పర్యవేక్షకుని నీడలో ఒక ప్రశ్నను తుదవఱకు తేల్చగలడని యిచ్చిన సాక్ష్యమే డాక్టరేటు. తన ప్రశ్నను తానే యెన్నుకొనగలడా, క్రొత్త యంత్రము ముందు కూర్చుండి దాని మాట వినగలడా యనునది పిదప తేలవలసినది. ఒక కమ్మరికొలిమిలో పని నేర్చినవాడు మఱియొక ఊరి కొలిమిలో కొన్నాళ్ళు పనిచేసి చేతివాటము సరిచూచుకొనుట వంటిదే పోస్ట్ డాక్టొరల్ పరిశోధన. సాధారణముగ రెండేండ్లు, మహా యైన మూడేండ్లు. వేతన మిత్తురు, స్థిరమైన యుద్యోగ మియ్యరు.

ఈ శాస్త్రమున ఈ దశకు తక్కిన శాస్త్రములకన్న నెక్కువ విలువ కలదు. ఏలయన సూర్యుని చురుకుదనము సుమారు 11 ఏండ్లకొక పర్యాయము హెచ్చి తగ్గుచుండును. ఇరువదియైదవ చక్రము 2024లో పరాకాష్ఠ దశకు వచ్చినదని అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రెండేండ్ల ఫెలోషిప్పు గలవాడు ఒక చక్రములో అయిదవ పాలు మాత్రమే కన్నులార చూడగలడు. కాబట్టి అతడు ఇతరుల పాత లెక్కలను చదువ నేర్వవలయును, ఒక తావున తాను చూచినదానిని మఱియొక ఖండమున చూచినదానితో సరిపోల్చ నేర్వవలయును. బొంబాయి కొలాబా వేధశాలలో 1859 సెప్టెంబరు మొదటి దినములలో వ్రాసియుంచిన అయస్కాంతపు లెక్కలు నూటనలువది యేండ్లకు పైగా గడచిన తరువాత, 2003లో, ఆనాటి మహా సౌరతుపాను తీవ్రతను అంచనా వేయుటకు ప్రపంచ విద్వాంసులకు ఆధారమైనవి. గంట గంటకు లేచి సూది చూచి అంకె వ్రాసిన గుమాస్తాలు ఆ ఫలమును చూడలేదు. పాత కాగితమును పాఱవేయకుండ కాపాడుట యెంత గొప్ప పనియో గ్రంథాలయము వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

తేలని ప్రశ్నలు కావలసినన్ని యున్నవి. వానిలో ఒకదానిని కొంచెము వివరించుట యుక్తము. సూర్యాస్తమయ మైన పిమ్మట అయనోమండలపు క్రింది భాగములోని విద్యుత్కణములు త్వరగా కలిసిపోయి అడుగంటును. పై భాగము మాత్రము దట్టముగనే నిలిచియుండును. బరువైనది పైన, తేలికైనది క్రింద నైనచో నేమగును? నూనె మీద నీరు పోసిన గిన్నెలో నగునదే యగును. క్రింది పలుచని భాగము బుడగలై పైకి చొచ్చుకొని పోవును. ఒక్కొక్కప్పుడు వేయి కిలోమీటర్ల యెత్తునకు కూడ ఎగబ్రాకును. ఈ అల్లకల్లోలమును 1938లో బుకరు, వెల్సు అను వారు వాంకాయోలోని లెక్కలలో మొట్టమొదట గుర్తించిరి. భారతదేశము మీద ఇది విషువత్కాలములందు, సౌరచక్రము ఉచ్చస్థితిలో నున్న యేండ్లలో ఎక్కువ. కారణము తెలిసినది, ఋతువు తెలిసినది. కాని ఈ రాత్రి వచ్చునా, రేపటి రాత్రి వచ్చునా యని ముందుగ చెప్పుట నేటికిని కుదురలేదు. నిన్నయు నేడును ఒకే తీరుగ నున్నట్లు కనబడిన రెండు సాయంకాలములలో ఒకదాని వెంట బుడగలు లేచును, మఱియొక దాని వెంట లేవవు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. ఉపగ్రహముల నుండి దారి చూపు సంకేతములు ఈ బుడగలగుండ వచ్చునపుడు నక్షత్రముల వలె మిణుకుమిణుకు మనుచు తెగిపోవును. విమానములకై భారతదేశ మేర్పఱచుకొన్న గగన్ అను మార్గదర్శక వ్యవస్థకు ఈ అక్షాంశముల అయనోమండలమే పెద్ద చిక్కు. సౌరతుపానుల సంగతి చెప్పనే యక్కఱలేదు. 1989 మార్చి 13వ తేదీన కెనడాలోని క్విబెకు రాష్ట్రమున అఱువది లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకటిలో నుండిరి. 2022 ఫిబ్రవరిలో ఒక అమెరికను సంస్థ పంపించిన 49 స్టార్‌లింకు ఉపగ్రహములలో ముప్పదియెనిమిది, అంత పెద్దది కాని అయస్కాంత తుపాను పైగాలిని వేడెక్కించి చిక్కబఱచుటచే, కక్ష్య చేరకయే పడిపోయినవి. 2024 మే నెల 10, 11 తేదీల నడిమి రాత్రి లడఖులోని హాన్లే ఆకాశమున ఎఱ్ఱని ధ్రువకాంతి కనబడెను. అంతటి దక్షిణమున అది అరుదు.

ఈ ప్రశ్నల వెంట పోదలచినవారు ఎచ్చటికి పోవలయును? మొదట ఇంటి దగ్గఱి మాట. తిరుపతికి సమీపమున, నాటి చిత్తూరు జిల్లాలో, గాదంకి యను గ్రామమున్నది. చుట్టును కొండలుండుటచే బయటి రేడియో రొద అచ్చటికి తక్కువగ చేరును. 1990 తరువాతి తొలి యేండ్లలో అచ్చట ఎం.ఎస్.టి. రాడారును నిలిపిరి. నూటముప్పది మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల నేలలో 1024 ఆంటెన్నాలు వరుసలు దీరి నిలిచియున్నవి. రాడారును బొంబాయిలోని సమీర్ సంస్థవారు నిర్మించిరి. అది 53 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమున పైకి స్పందనములను పంపి, గాలి సుడుల నుండి మరలి వచ్చు సన్నని ప్రతిధ్వనిని పట్టుకొనును. 1998లో జపాను వారి సహకారముతో లేసరు కిరణముతో గాలిని శోధించు లైడారును కూడ చేర్చిరి. ఆ కేంద్రమే 2005 నుండి జాతీయ వాతావరణ పరిశోధనశాల యను పేరుతో వ్యవహరింపబడుచున్నది.

గాదంకి ఆకాశమున ఒక చిత్రమున్నది. పగటివేళ సుమారు నూటయేబది కిలోమీటర్ల యెత్తు నుండి రాడారునకు ప్రతిధ్వనులు వచ్చును. ఉదయమున ఎత్తుగ మొదలై, మధ్యాహ్నమునకు దిగి, సాయంకాలమునకు మరల పైకి పోవుచు, కాగితము మీద గీచినచో మెడలో వ్రేలాడు హారము వలె కనబడును. పెరూలో 1960 తరువాతి తొలి యేండ్లలో దీనిని చూచిరి. అర్ధశతాబ్దముపాటు ఎవరికిని సరియైన హేతువు దొరకలేదు. మధ్యరేఖకు కొంచెము ఎడముగ నున్న గాదంకిలో కూడ అవి కనబడుటతో చర్చ క్రొత్త మలుపు తిరిగినది. సూర్యకాంతి ఊడగొట్టిన వేగవంతములైన ఎలక్ట్రానులే ఇందులకు మూలమని 2016లో వెలువడిన గణనలు చూపినవి. వివరములు ఇంకను తేలవలసియున్నవి. ఇట్టి చిక్కుముడి యొకటి రెండేండ్ల పనికి సరిపోవును.

అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల 1947లో విక్రమ్ సారాభాయి స్థాపించినది. దాని తొలి సంచాలకులు కె.ఆర్. రామనాథన్ గారు. తిరువనంతపురములో అంతరిక్ష భౌతిక ప్రయోగశాలయు, నవీ ముంబయిలో భారతీయ భూఅయస్కాంత సంస్థయు ఉన్నవి. ఈ రెండవ సంస్థ అలీబాగు, తిరునెల్వేలి మొదలగు చోట్ల వేధశాలలు నడుపుచున్నది. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోట నుండి బయలుదేరి 2024 జనవరి 6న తన నెలవు చేరిన ఆదిత్య-ఎల్1 నౌకలో సౌరపవనమును కొలుచు రెండు సాధనములు, ఒకటి అహమ్మదాబాదు వారిది, ఒకటి తిరువనంతపురము వారిది. ఆ నౌక లెక్కలను 2025 జనవరి మొదలు అందఱకు అందుబాటులో నుంచిరి. విశ్వవిద్యాలయములో చిన్న గది మాత్రమే గలవాడు కూడ ఈ లెక్కలను తెచ్చుకొని పని చేసికొనవచ్చును. సొంత రాడారు లేదను సాకు ఇక చెల్లదు.

ఈ సంస్థలు తమ నిధులతో ఇచ్చు స్థానములు గాక, కేంద్రప్రభుత్వపు జాతీయ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్పు కలదు. పూర్వము సెర్బ్ అను మండలి దీనిని నడిపినది. 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు ఆ బాధ్యత సంక్రమించినది. కాలము రెండేండ్లు, వయఃపరిమితి ముప్పదియైదు. స్త్రీలకును, వెనుకబడిన వర్గములకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని అయిదేండ్ల సడలింపు కలదు. ఈ నిబంధనను పల్లెటూరి విద్యార్థులు ముందుగనే గోడ మీద వ్రాసికొనవలయును. నడుమ రెండు మూడేండ్లు ఉద్యోగము చేసి ఆలస్యముగ డాక్టరేటులో చేరినవారికి, పట్టా చేతికి వచ్చునప్పటికే తలుపు మూతపడ సిద్ధముగ నుండును. ఆలస్యముగ చదువవలసి వచ్చుట బీదవానికే గాని ధనికునకు కాదు గనుక ఈ నియమ మెవరిని కొట్టుచున్నదో స్పష్టమే.

విదేశముల సంగతి. పెరూలో లీమా నగరము ప్రక్కన హికమార్కా రాడారున్నది. ఇది 1960 తరువాతి తొలి యేండ్లలో కట్టబడినది. సుమారు మూడు వందల మీటర్ల చదరములో 18,432 డైపోలులు. మధ్యరేఖ మీది ఆకాశమును గూర్చి ప్రపంచమునకు తెలిసినదానిలో పెద్ద భాగ మచ్చటిదే. ఉత్తర ధ్రువపు అంచున స్కాండినేవియాలో ఐస్కాట్ సంస్థవారి రాడారులున్నవి. గాదంకిలో బుడగలను చదివినవారు అచ్చట ధ్రువకాంతిని చదివినచో భూమి రెండు మోములు తెలియును. అమెరికాలో బౌల్డరు నగరపు హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ గణిత నమూనాలకు పేరుపడినది. నాసావారి పోస్ట్ డాక్టొరల్ కార్యక్రమమునకు విదేశీయులు కూడ అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ దేశపు కొన్ని తక్కిన ఫెలోషిప్పులు పౌరులకే పరిమితములు. అర్జీ నింపుటకు ముందే ఆ పంక్తి చదువనిచో నెల దినముల శ్రమ వృథా. ఐరోపాలో మేరీ క్యూరీ ఫెలోషిప్పులకు ఏ దేశమువారైనను తగుదురు, డాక్టరేటు పుచ్చుకొని ఎనిమిదేండ్లు మించకూడదు. అచ్చట వయస్సు అడుగరు, పట్టా వయస్సు అడుగుదురు. జర్మనీలో హుంబోల్ట్ సంస్థయు, జపానులో జె.ఎస్.పి.ఎస్. సంస్థయు ఇట్టివే. లండను రాయల్ సొసైటీవారికి న్యూటను పేర మఱియొకటి కలదు.

అర్జీలో నెగ్గువారు మేధావులే కానక్కఱలేదు. ముందుగ ఉత్తరము వ్రాసినవారు. ఒకే ఉత్తరమును నూఱుగురు ఆచార్యులకు పంపుట పెండ్లి శుభలేఖల పద్ధతి. దానికి జవాబులు రావు. ఒక్క ఆచార్యుని రెండు మూడు వ్యాసములు చదివి, వానిలో తేలని యొక విషయమును పట్టుకొని, దానిని గాదంకి లెక్కలతోనో, వాల్తేరు లెక్కలతోనో పరీక్షింపవచ్చునని అఱపుటలో వ్రాసినచో చదువుదురు. ఫెలోషిప్పు గడువునకు ఆఱు నెలల ముందే ఆ ఉత్తరము పోవలయును. సిఫారసు లేఖలు వ్రాయువారికి కూడ వ్యవధి యియ్యవలయును. ఇంగ్లీషు భయము పెద్దది కాదు. చెప్పదలచినది స్పష్టముగ నున్నచో చిన్న వాక్యములే చాలును. గణితమును, కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయు విద్యను మాత్రము డాక్టరేటు నాటికే గట్టిపఱచుకొనవలయును.

కష్టములు దాచుట మోసము. రెండేండ్ల స్థానము ముగిసిన పిదప మఱియొక రెండేండ్లు, మఱియొక ఊరు. ఇరువదితొమ్మిదేండ్ల కుమారుడు డాక్టరు బిరుదు పుచ్చుకొని ఇంటికి రాగా, "ఇంకను చదువేనా నాయనా, ఉద్యోగ మెప్పుడు?" అని తండ్రి యడుగును. ఆ ప్రశ్నలో తప్పు లేదు. పొలము తాకట్టు పెట్టి చదివించినవాడు అడుగకుండ నెట్లుండును? కుమార్తె యైనచో పెండ్లి మాట ఆ ప్రశ్నకు ముందే వచ్చి కూర్చుండును. బిడ్డ పుట్టినచో రెండేండ్ల ఫెలోషిప్పులో ఒక సంవత్సరము చేజాఱినట్లే. ఐరోపా ఫెలోషిప్పులలో ప్రసవకాలమును లెక్క నుండి తీసివేయుదురు. ఈ పద్ధతి అంతటను రావలయును. స్థిరోద్యోగములు తక్కువ, ఆశించువారు ఎక్కువ. ఈ దారిని పోయినవారందఱు ఆచార్యులు కారు. కొందఱు ఉపగ్రహ సంస్థలలోను, వాతావరణ శాఖలోను, లెక్కల విశ్లేషణ చేయు కంపెనీలలోను చేరుదురు. సన్నని సంకేతమును రొదలో నుండి వేఱుచేయ నేర్చినవానికి పని దొరకకపోదు. అది ఆకాశమును గూర్చిన పని కాకపోవచ్చును.

కావున ఇంటివారితో మొదటనే కూర్చుండి లెక్క చెప్పుకొనుట మంచిది: ఎన్ని యేండ్లు, ఎంత వేతనము, ఇంటికి నెలకెంత పంపగలడు, ఏ వయస్సునకు ఈ దారి విడువవలసి యుండును. కొందఱు సిగ్గుపడి ఈ మాట దాచుదురు, తరువాత ఇరుపక్షములును నొచ్చుకొనును.

ఈ గ్రంథాలయము వారు చేయగల సాయమొకటి కలదు. ఫెలోషిప్పుల ప్రకటనలు ఏటేట ఇంచుమించు ఒకే నెలలలో వెలువడుచుండును. మేరీ క్యూరీ వారి గడువు తఱచుగ సెప్టెంబరులో పడును. ఇట్టి గడువులను సేకరించి పఠనమందిరపు నల్లబల్ల మీద వ్రాసియుంచుట, చదువుకొను పిల్లలకు సాయంకాలము కంప్యూటరు నొకదానిని విడిచియుంచుట పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. బీరువాలో పాత రేడియో యున్నచో దానిని బాగుచేయించి షార్ట్ వేవు మీద పెట్టి, చీకటి పడిన తరువాత పిల్లలను చుట్టును కూర్చుండబెట్టవచ్చును. మార్చి నెలలోను, సెప్టెంబరులోను రాత్రి ఎనిమిది గంటల ప్రాంతమున దూరకేంద్రముల గొంతు ఒక్కొక్కప్పుడు వణకుచు బొంగురుపోవుటను వారు వినగలరు. ఏయే తేదీలలో వణకినదో, ఏయే తేదీలలో వణకలేదో వారిచేత ఒక పుస్తకములో వ్రాయించిన బాగుండును.